చుక్క పొడిచేదాకా

మా మనవరాలు కీర్తన చదివే చదువు పేరు నాకు నోరు తిరిగేది కాదు. ఎవరైనా అడిగితే, "మనుషులు ఎలా పెరుగుతారు, ఇంట్లో ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా మసులుకుంటారు, ఏం తింటే ఏమవుతుంది, అదంతా చదువుతోందమ్మా" అని చెప్పేదాన్ని. ఆక్లాండ్ శివారు పాపకూరలో మా వీధి చివర ఉండే రమామణి అది విని పడీపడీ నవ్వింది.

"అన్నం తినడానికీ, అత్తాకోడళ్ళు దెబ్బలాడుకోవడానికీ యూనివర్సిటీ ఎందుకు పిన్నిగారూ? మా ఇంటికి పంపండి, నెల్లాళ్ళలో డిగ్రీ చేతిలో పెట్టేస్తాను."

"నీ ఇంటికి పంపితే దెబ్బలాట వస్తుంది గానీ తిండి ఎక్కడ వస్తుందే? నీ పప్పులో పప్పేదో నీళ్ళేవో తెలియదు" అన్నాను నేను.

నవ్వులాటకి అన్నాను గానీ, ఆ చదువంటే నాకు ముచ్చటగానే ఉండేది. నేను ఐదో క్లాసుతో పలక అటక మీద పెట్టేసినదాన్ని. నా కొడుకు మహిధర్ ఈ దేశానికి చదువుకోవడానికొచ్చి, పెట్రోలు బంకులో పని చేసుకుంటూ సెటిల్ అయ్యాడు. కోడలు రాజశ్రీ కూడా ఉద్యోగస్తురాలే. కీర్తన పుట్టినప్పుడు పసిపిల్లని చూసుకోవడానికని నన్ను రప్పించారు. ఆ పిల్లకి నీళ్ళు పోసింది, నూనె రాసింది, మొదటి ముద్ద దగ్గర్నించీ అన్నం పెట్టింది నేనే. అందరి పిల్లలకీ చందమామని చూపించి పెడతారు. మాకేమో విమానాశ్రయం దగ్గర. ఇంటి వెనక చెక్కల డెక్ మీద కూర్చోబెట్టి, దిగే విమానాలని చూపించి పెట్టేదాన్ని. "అదిగో, అదిగో విమానం" అంటే పైకి చూసి నోరు తెరిచేది. ముద్ద లోపలికి.

కాలేజీలో చేరాక ఆ పిల్ల తెల్లారకుండా లేచి రైలెక్కి, ఊళ్ళో దిగి, మళ్ళీ బస్సెక్కి, ఊరికి ఆ చివరనున్న ఆల్బనీలో కాలేజీ దాకా పోయేది. పొద్దుపోయి ఇంటికొచ్చి, నా మంచం మీద కాళ్ళు చాపుకుని, ఆవేళ చెప్పిన పాఠం నాకు చెప్పేది.

"మామ్మా, పిల్లలకి టీవీలూ అవీ చూపించి తిండి పెట్టకూడదట. ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ, వాళ్ళకి ఆకలేస్తోందా లేదా కనిపెట్టి పెట్టాలట. నువ్వు విమానాలు చూపించి కుక్కేశావు. టెక్స్ట్‌బుక్ ప్రకారం తప్పు."

"ఓసి నీ పుస్తకం బంగారంగానూ! ఆ తప్పుతోనే కదే ఇంతదానివయ్యావు" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి వాళ్ళకి ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించమని పని ఇచ్చారు. మీ ఇంట్లో ముందు ఎవరు తినేవారు, చివర ఎవరు తినేవారు, ఆడవాళ్ళకి ఏం మిగిలేది అని అడగాలట. ఫోను నా ముందు పెట్టింది. నాకసలే మాట్లాడమంటే చాలు. మా అత్తగారు కామేశ్వరమ్మగారి అలక గురించి చెప్పాను.

మావగారు ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా పాడిగేదెని అమ్మేశారు. అత్తగారు నోరెత్తలేదు. పోట్లాడలేదు. వంట చేసి, అందరికీ వడ్డించి, చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. ముందు నేను వెళ్ళి బతిమాలాను, తర్వాత మా ఆడపడుచు వెళ్ళింది, ఆ తర్వాత పక్కింటి వాళ్ళు వచ్చారు. ఆవిడ గోడతోనే ఉన్నారు. చివరికి మావగారే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గొంతు సవరించుకుని, "లేచి తిను. నీకు చెప్పకుండా చెయ్యనులే" అన్నారు. ఆవిడ లేచి, కొప్పు ముడేసుకుని, ఆయనేదో వరం అడిగితే ఇచ్చినట్టుగా కూర్చుని తిన్నారు. ఆ రోజుల్లో ఆడదాని చేతిలో ఇంకేముంది? ఇల్లు తనది కాదు, గేదె తనది కాదు. తను తినే ముద్ద ఒక్కటే తనది.

కీర్తన ఫోను ఆపేసింది. తర్వాత అడిగింది: "ఎవరూ బతిమాలకపోతే ఏమయ్యేది మామ్మా?"

"బతిమాలకపోవడమేమిటే! ఇంట్లో ఒక మనిషి పస్తుంటే మిగతావాళ్ళకి ముద్ద దిగుతుందా?"

దానికి మంచి మార్కులొచ్చాయి. మీ మామ్మ మాటలు క్లాసులో చదివి వినిపించారని చెబితే నేను ఊరంతా చాటుకున్నాను.

పోయిన ఏడాది కార్తీకమాసం రాగానే, "మామ్మా, ఈసారి నీతోపాటు నేనూ సోమవారాలు ఉంటాను" అంది. రాజశ్రీ ఆనందం అంతా ఇంతా కాదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటమే గగనం, అలాంటిది ఉపవాసం! గుళ్ళో ప్రసాదం పంచుతూ అందరితోనూ చెప్పింది. రమామణి బుగ్గలు నొక్కుకుంది.

"ఎంత అదృష్టమమ్మా రాజశ్రీ! మా జశ్వంత్‌ని శనివారం నీచు ముట్టుకోకురా అంటే, 'చికెన్‌కి వారాలు తెలీవమ్మా' అంటాడు వెధవ."

సోమవారాలతో మొదలైంది. ఆ పైన శనివారాలంది. ఆ పైన ఏకాదశులు. ఒక్కో వారం చేరినప్పుడల్లా కోడలి మొహం ఇంత అయ్యేది. నా మొహమూ అంతే. ఎందుకు కాదనాలి?

సోమవారం ఉపవాసమంటే తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. పగలంతా ఏమీ తినకూడదు. సాయంత్రం దీపం పెట్టి, ఆకాశంలో చుక్క చూసి, అప్పుడు భోజనం. మన దేశంలో కార్తీకమంటే చలికాలం, ఇలా సంజె వాలగానే అలా చుక్క పొడుస్తుంది. ఇక్కడ అంతా తిరగబడింది. కార్తీకానికి ఎండాకాలం వస్తూ ఉంటుంది, రాత్రి భోజనాల వేళ దాటినా వెలుతురు వదలదు. వదిలిందీ అనుకునేసరికి సముద్రం మీంచి మబ్బు కమ్ముతుంది. ఎన్నో ఏళ్ళుగా నేను దీపం పెట్టి, "స్వామీ, ఈ ఆక్లాండ్ మబ్బుల సంగతి నీకు తెలియనిదా" అని దండం పెట్టుకుని తినేస్తున్నాను. కీర్తన మాత్రం ఒప్పుకునేది కాదు. "చుక్క కనపడలేదుగా మామ్మా" అని గ్లాసుడు మజ్జిగ తాగి పడుకునేది. ఎంత నిష్ఠ అనుకున్నాం.

కానీ ఉపవాసం ఉండేదాన్ని కదా, నాకు తెలుసు. ఉపవాసం ఉన్న మనిషికి వంటింట్లోంచి పోపు వాసన వస్తే ప్రాణం లేచొస్తుంది. కళ్ళు గడియారం మీదే ఉంటాయి. దేవుడి మీద ఎంత భక్తి ఉన్నా, కడుపు కడుపే. ఈ పిల్ల మొహంలో ఆ ఎదురుచూపు లేదు. మబ్బు పట్టిన సాయంత్రం, పరీక్ష వాయిదా పడ్డ పిల్లలా తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది. ఉపవాసం లేని రోజు తనే వంటింట్లో దూరి గుత్తొంకాయ, పులిహోర, ఇక్కడి వాళ్ళు కుమరా అనే చిలగడదుంపతో బొబ్బట్లు చేసి, మాకు వడ్డించి, మేం తింటుంటే సినిమా చూసినట్టు చూసేది. తనని తినమంటే యూనివర్సిటీలో తిన్నానంటుంది. పక్కింటి కివీ పిల్లలు నిక్కర్లతో తిరుగుతుంటే ఇది దూది కోటు వేసుకుని కూర్చునేది. నేనిచ్చిన గాజులు మణికట్టు దగ్గర ఆగేవి, ఇప్పుడు చెయ్యెత్తితే మోచెయ్యి దాకా పోతున్నాయి.

మహిధర్‌తో అన్నాను.

"అమ్మా," అన్నాడు వాడు, నవ్వుతూ, "న్యూట్రిషన్ చదివే పిల్లకి తిండి గురించి మనం చెప్పాలా? దానికి తెలియదా ఏం తినాలో?"

ఎగతాళిగా అనలేదు. నమ్మకంగా అన్నాడు. ఆ నమ్మకం నాకూ తగులుకుంది. డాక్టరు గారింట్లో రోగమేముంటుంది అనుకున్నట్టే.

ఒక ఆదివారం మధ్యాహ్నం డెక్ మీద ఎండలో కూర్చోబెట్టి తలకి నూనె రాస్తున్నాను. వెంట్రుకలు నా వేళ్ళకి ఉండలు చుట్టుకుని వచ్చేస్తున్నాయి. జాకెట్టు వెనక రెండు ఎముకలు, కోడిపిల్ల రెక్కల్లా. నా చేతులు ఆగిపోయాయి.

"ఎవరి మీద అలకే తల్లీ?" అన్నాను.

"అలకేంటి మామ్మా?"

"మీ అమ్మ ఏమైనా అందా? మీ నాన్న కోప్పడ్డాడా? ఎవరైనా కుర్రాడు ఉంటే చెప్పు, మీ నాన్నని నేను ఒప్పిస్తాను. ఎవరొచ్చి గుమ్మంలో నిలబడాలో చెప్పు, నిలబెడతాను."

"ఎవరూ ఏమీ అనలేదు మామ్మా. నాకెవరి మీదా కోపం లేదు." అటు తిరిగే మాట్లాడింది. "సెకండ్ ఇయర్‌లో ఈ తినలేని జబ్బు మీద మాకు ఒక చాప్టర్ ఉంది. ఎలా మొదలవుతుంది, ఇంట్లోవాళ్ళు ఎలా మోసపోతారు, గుండెకి ఏమవుతుంది, అన్నీ. ఎగ్జామ్‌లో ఆ క్వశ్చనే రాశాను. ఏ ప్లస్ వచ్చింది." నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"అంత తెలిసినదానివి, తినొచ్చు కదే!"

"తెలియడం ఒక గదిలో ఉంటుంది మామ్మా. ఇది ఇంకో గదిలో ఉంది. మధ్యలో తలుపు లేదు."

"మరి ఉపవాసాలు?"

"ఉపవాసం రోజు ఎవరూ తిన్నావా అని అడగరు. అబద్ధం చెప్పక్కర్లేదు. ఆ ఒక్కరోజే ప్రశాంతంగా ఉంటుంది." "పైగా అందరూ మంచిదాన్నంటారు" అంది.

నూనె గిన్నె పక్కన పెట్టి దాన్ని గట్టిగా పట్టుకున్నాను. పట్టుకోవడానికేముంది? అలకైతే తీర్చేవాడు ఒకడుంటాడు. మా అత్తగారు ఎన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నా, ఆవిడ చెవి గుమ్మం మీదే ఉండేది. ఈ పిల్ల ఎవరి కోసమూ ఎదురు చూడటం లేదు. ఇంక నేను ఎవర్ని బతిమాలను?

ఆ సాయంత్రమే కొడుక్కీ కోడలికీ చెప్పేశాను. రాజశ్రీ వంటింట్లో నేల మీద కూలబడిపోయింది. "నేనే ఊరంతా చెప్పుకున్నానత్తయ్యా. నా పిల్ల చిక్కిపోతుంటే నేను గుళ్ళో గొప్పలు చెప్పుకున్నాను" అని తల బాదుకుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రక్తాలు తీశారు, గుండె చూశారు. నిద్రపోయేవాళ్ళ గుండె కంటే నెమ్మదిగా కొట్టుకుంటోందట. కాలేజీ ఆపేశారు. దీనికి వేరే పెద్ద డాక్టర్లుంటారట, వాళ్ళ దగ్గర మా వంతు వచ్చేదాకా వారానికి రెండుసార్లు వచ్చి చూపించుకోమన్నారు. పూట పూటా ఏం పెట్టాలో చెప్పారు. కీర్తన ఆ డాక్టరమ్మతో సమానంగా మాట్లాడింది, తన గురించి కానట్టుగా.

అప్పట్నించీ మా ఇంట్లో భోజనాలు భోజనాలు కావు. నలుగురం బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. ముగ్గురి కళ్ళూ ఒక కంచం మీదే. రాజశ్రీ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మహిధర్ అరిచేవాడు, మళ్ళీ సారీ చెప్పేవాడు, మళ్ళీ అరిచేవాడు. ఒకరోజు కుర్చీలోంచి లేచి, వంగి, కన్నకూతురు కాళ్ళు పట్టుకున్నాడు. "తినమ్మా. నాన్నని కదా. తినవే" అన్నాడు. కీర్తన భయపడిపోయి కాళ్ళు వెనక్కి లాక్కుంది. మావగారు గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంటే సరిపోయింది. నా కొడుకు నేల మీద పడ్డా సరిపోలేదు.

ఈ ఏటి కార్తీకంలో ఆఖరి సోమవారం వచ్చింది. ఆవేళ పొద్దున డాక్టరమ్మ గుండె చూసి పెదవి విరిచింది. రేపు మళ్ళీ తీసుకురండి, ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పడుకోబెట్టి, ముక్కులోంచి గొట్టం వేసి పాలు పంపించాల్సిందే అంది. ఇంటికొచ్చాక మహిధర్, "ఇంక ఈ ఇంట్లో ఉపవాసం అన్న మాట వినపడకూడదు" అన్నాడు.

"ఈ ఒక్క సోమవారం నాన్నా," అంది కీర్తన. "చుక్క కనపడగానే తింటాను. అన్నమే తింటాను. మామ్మ మీద ఒట్టు."

నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో. మహిధర్ నా వంక చూశాడు. తింటానని దానంతట అది అన్న మొదటి మాట అది. ఆ మాట కోసం మేం ముగ్గురం ఆశపడ్డాం. మజ్జిగ, పళ్ళరసం మధ్యమధ్యలో తాగేటట్టు ఒప్పించి సరేనన్నాం.

పగలంతా ముగ్గురం ఆకాశం కేసి చూడటమే పని. మధ్యాహ్నం దాకా నీలంగా ఉంది. రాజశ్రీ ఉత్సాహంగా పప్పు వండింది, మెత్తగా అన్నం వండింది, పెరుగు చిలికి పెట్టింది. నాలుగైనాక పడమట నించి మబ్బు మొదలైంది. సాయంత్రానికి ఆకాశం మొత్తం తడిబట్ట కప్పినట్టు అయిపోయింది.

రాజశ్రీ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"అత్తయ్యా, అది మీ మాట నమ్ముతుంది. చుక్క పొడిచిందని చెప్పండి."

"శివుడి పేరు మీద అబద్ధమా రాజశ్రీ?"

"ఆ పాపం నాకు తగలమనండి."

"నీకెందుకులేమ్మా. ముందు పోయేదాన్ని నేను. ఆయనకి నేనే చెప్పుకుంటాను" అన్నాను.

తులసికోట దగ్గర దీపం పెట్టి డెక్ మీదికొచ్చాను. కీర్తన కోటు వేసుకుని కుర్చీలో ముడుచుకుని ఉంది. చిన్నప్పుడు దాన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టిన చోటే. పొద్దు వాలిపోతోంది. మబ్బుల వెనకనించి చిన్న వెలుగొకటి కదిలింది.

"అదిగో," అన్నాను. "అదిగో చుక్క."

కీర్తన తలెత్తి చూసింది. ఆ వెలుగు మెల్లగా మా ఇంటి మీదికి వస్తోంది. పక్కన ఎర్రగా ఇంకోటి మినుకు మినుకు మంటోంది. చప్పుడు కూడా వినిపించడం మొదలైంది.

"అది విమానం మామ్మా."

కీర్తన నా మొహం వంక చూసింది. నేను ఏడుస్తున్నానని దాన్ని చూశాకే నాకు తెలిసింది.

"సరేలే," అంది. "చుక్కే. పద, లోపలికి పోదాం."

బల్ల దగ్గర కూర్చుంది. రాజశ్రీ వడ్డించింది. కీర్తన చెంచా పక్కన పెట్టి, చేత్తో పెరుగన్నం కలిపింది. చిన్న ముద్ద చేసింది. మేం ముగ్గురం ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. ముద్ద పైకి లేచింది. పెదాల దాకా వచ్చింది. పసిపిల్లలకి పెట్టేటప్పుడు పెట్టేవాళ్ళ నోరు దానంతట అదే తెరుచుకుంటుంది చూశారూ, అలా నా నోరు తెరుచుకుంది. చూస్తే మహిధర్ నోరూ, రాజశ్రీ నోరూ తెరుచుకునే ఉన్నాయి.

దాని చెయ్యి అక్కడే ఆగిపోయింది. మణికట్టు మీది గాజులు మోచేతి దాకా జారాయి. కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి గానీ తెరుచుకోలేదు. ఎంతసేపో. పెరుగు నీళ్ళు చేతి వెంబడి కారాయి. ఆ తర్వాత ముద్దని తెచ్చి, పగిలిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా, కంచం అంచున పెట్టింది.

"రావట్లేదు మామ్మా," అంది. "ఒట్టు వేశాను కదా. నిజంగానే ట్రై చేశాను."

మహిధర్ అరవలేదు. లేచి ఆసుపత్రికి ఫోను చేశాడు. రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే తీసుకురండి అన్నారట. రాజశ్రీ లోపలికెళ్ళి సంచీ తెచ్చింది. అది ఎప్పుడు సర్దిపెట్టిందో నాకు తెలియదు. మబ్బు పట్టకముందే సర్ది ఉంటుంది.

నేనూ వస్తానన్నాను. అక్కడ ఇద్దరినే ఉండనిస్తారమ్మా అన్నాడు మహిధర్. కీర్తనని కారు దాకా నడిపించాడు. మెట్లు దిగడానికి నా కంటే ఎక్కువసేపు పట్టింది దానికి. కారులో కూర్చున్నాక అద్దం దించి నన్ను పిలిచింది.

"మామ్మా, నువ్వు పొద్దుటి నించి ఏం తినలేదు. నాకు తెలుసు. తిను." ఆ మాట అంటూ నవ్వడానికి చూసింది. "చుక్క పొడిచిందిగా."

కారు వెళ్ళిపోయింది. ఇంట్లోకొచ్చాను. దాని గది తలుపు తీసి ఉంది, బల్ల మీద దాని పుస్తకాలు. పైనున్న పుస్తకం అట్ట మీద తల్లి, తండ్రి, పిల్ల, ముసలమ్మ ఒక బల్ల చుట్టూ కూర్చుని నవ్వుకుంటూ తింటున్నారు. తలుపు దగ్గరికి వేసేశాను.

వంటింట్లో నాలుగు కంచాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. దాని కంచం ముందు కూర్చున్నాను. అంచున ఆ ముద్ద. దాని నాలుగు వేళ్ళ గుర్తులూ, బొటనవేలి గుర్తూ దాని మీద పడి ఉన్నాయి. దాన్ని చెత్తలో వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. దండం పెట్టుకోవడానికి దేవుడూ గుర్తు రాలేదు. తీసి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. దాని కంచంలో ఉప్పు వెయ్యడం ఆ హడావిడిలో రాజశ్రీ మరిచిపోయింది.